పక్క సీటు దగ్గర చప్పుడు

పొద్దుట్నుంచీ వాన. షెడ్డులో రెండు ఇంజన్లు విప్పుకుని కూర్చున్నాను. బావ నాలుగోసారి కారు తెచ్చాడు.

"జపాన్ బండిరా. పద్దెనిమిదేళ్లు కిక్కురుమనలేదు. మార్చి నుంచి ఒకటే టకటక. నువ్వేం మెకానిక్‌వి?"

"నేను పక్కన కూర్చుంటే రావట్లేదు గదా బావా!"

"నిన్ను చూసి భయపడుతోందా?"

ఒళ్లు మండి, తాళం లాక్కుని ఒక్కడినే నడిపాను. మలుపు తిరగ్గానే వినిపించింది. పక్క సీటు బెల్టు ఊరికే వేలాడుతోంది. దాని ఇనప నాలుక తలుపు పక్కన కొట్టుకుంటోంది. మనిషి కూర్చుని పెట్టుకుంటే ఆ చప్పుడు రాదు.

ఖాళీ సీటుకే బెల్టు బిగించి, తిరిగొచ్చి తాళం ఇచ్చాను.

"ఏమిట్రా లోపం?"

"ఏం లేదు. ఆ బెల్టు తియ్యకు."

బావ అయిదింటికి వెళ్లాడు. మా అక్క మార్చిలో పోయింది.