వెనక కమాన్లు

జక్రయ్య మళ్లీ కారు కిందికి దూరాడు.

కిటికీలోంచి సంతోషకుమారికి ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పాత అంబాసిడర్ వెనక భాగం జాకీ మీద లేచి ఉంది. ఊడదీసిన చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. పానా జారి నేలకి తగిలిన చప్పుడు, ఆ వెంటే ఓ మూలుగు.

"ఏం చేస్తున్నావయ్యా ఇన్నాళ్లనించీ?" అని అరిచింది.

"కమాన్లు మారుస్తున్నా."

"బానే ఉన్నాయిగా?"

పానా మళ్లీ తిరిగిన చప్పుడు.

పర్చూరులో ఆ టాక్సీ ఎక్కనివాళ్లు తక్కువ. పెళ్లివారినీ, పొగాకు బయ్యర్లనీ వేసుకుని ఒంగోలుకీ చీరాలకీ తిరిగే బండి. అలాంటిది కొన్నాళ్లుగా వాకిట్లోంచి బాడుగకి కదల్లేదు. మిరపకాయల సీజను. బళ్లు దొరక్క జనం కొట్టుకుంటుంటే, ఈయన ఇంటికొచ్చిన బేరాల్ని వెనక్కి పంపుతున్నాడు. ఆమెకి అనుమానం అక్కడే మొదలైంది.

దాన్ని పెంచింది పక్కింటి మాబూబీ. ఆవిడ తమ్ముడు లారీ డ్రైవరు.

"అక్కా, మావాడు చూశాడంట. మీ ఆయన కమాన్లలో మందం పట్టీలు తీసేసి పల్చటివి వేస్తున్నాడంట. బరువులెయ్యాలంటే ఇంకో పట్టీ కలుపుతారుగానీ తీస్తారా? పల్చటివేస్తే బండి ఊయల్లా పోద్దంట. పగిలే సరుకు తోలేవాళ్లే అట్టా చేయించుకుంటారంట."

"పగిలే సరుకంటే?"

మాబూబీ గొంతు తగ్గించింది. "సీసాలు."

సంతోషకుమారి వాకిట్లో కారు కేసి చూసింది.

రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. అయినా అరవదేశం నుంచి కార్లలో బ్రాందీ దిగుతూనే ఉందని అందరికీ తెలుసు. సంతోషకుమారి అన్న ఆదాం తాగి తాగి, పసుప్పచ్చగా మారి, ఇద్దరు పిల్లల్ని వదిలేసి పోయాడు. ఆ కడుపుమంటతోనే, నిషేధం రాకముందు, ఆమె కొంగు బిగించి, వాడలో ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని సారాకొట్టు మీద పడింది. అడ్డొచ్చిన కాంట్రాక్టరు మనిషి చెంప పగలగొట్టింది. "అది మా ఆవిడ" అని జక్రయ్య ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ మనిషేనా ఈయన?

మర్నాడు కారు జాకీ దిగింది. జక్రయ్య సోడాబుడ్ల పెట్టె ఒకటి తెచ్చి వెనక పెట్టుకుని, గోతులమయమైన ఇంకొల్లు రోడ్డెక్కాడు. తిరిగొచ్చి తలుపు తీసి, ఒక్కో బుడ్డినీ తడిమి చూశాడు. నచ్చనట్టు మొహం పెట్టాడు. మళ్లీ కారు కింద దూరాడు. కొత్త రబ్బర్లు వేశాడు, కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించాడు. మళ్లీ పెట్టె, మళ్లీ ఇంకొల్లు రోడ్డు. ఈసారి వచ్చినప్పుడు ఈల వేసుకుంటూ దిగాడు.

తర్వాత వెనక సీటు పీకేశాడు. ఆ చోట చెక్కపలక బిగించాడు. అద్దాలకి పరదాలు కట్టాడు.

లేచి వెళ్లి చొక్కా పట్టుకుని నిలదియ్యాలనిపించింది ఆమెకి. పళ్లు బిగబట్టి ఊరుకుంది. మధ్యాహ్నం అన్నానికి లోపలికొచ్చినప్పుడు అడిగేసింది.

"ఆ పరదాలెందుకు?"

"ఎండ పడకుండా."

"దేని మీద?"

కంచంలో వేళ్లు ఆగాయి. "సున్నితమైందొకటి తీసుకుపోవాలి. దూరం."

"ఏంటది?"

"చెబితే వద్దంటావు."

"మా అన్నని మింగిందేనా?"

జక్రయ్య తలెత్తి చూశాడు. ఏదో చెప్పబోయి, నీళ్లు తాగి లేచిపోయాడు. చెయ్యి కడుక్కుంటుంటే ఆయన వీపు కేసి చూస్తూ ఆమె లోపల్లోపలే కుమిలిపోయింది. కాదని ఒక్కమాట అనొచ్చుగా?

సాయంత్రం మాబూబీ ఇంకో కబురు తెచ్చింది. లారీ స్టాండులో జక్రయ్య చిత్తూరు దాటాక రోడ్డెలా ఉంటదో, ఎక్కడెక్కడ గోతులున్నాయో అడుగుతున్నాడంట. బోర్డరు దగ్గర బళ్లు ఆపుతారా అని కూడా.

ఎదురింటి డాబా మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలికి లోపలికొచ్చింది. సంతోషకుమారి కళ్లు తుడుచుకుంది.

"కానిస్టేబులు జాన్ బాషాకి చెప్పు."

"అక్కా! నీ మొగుడక్కా!"

"అందుకే చెప్పమంటున్నా. ఆ సరుకుతో బోర్డర్లో దొరికితే ఏళ్లకేళ్లు లోపలుంటాడు. ఇక్కడే పట్టుకుంటే తిట్టి వదిలేస్తారు."

తెల్లారింది. జక్రయ్య స్నానం చేసి, చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడిగాడు. కారు కడిగి బొట్టు నీళ్లు లేకుండా తుడిచాడు. అప్పుడే జాన్ బాషా సైకిలు దిగాడు.

"ఏరా జక్రయ్యా, ప్రయాణమా?"

"అవునండి."

"డిక్కీ తియ్యి."

డిక్కీలో నీళ్లక్యాను, బట్టలసంచి. జాన్ బాషా వంగి కారు కింద చూశాడు. చెక్కపలక తట్టి చూశాడు. దాని మీద పరిచిన స్పాంజి పరుపు ఎత్తి చూశాడు. పరదా వేలితో తొలగించి, అనుమానంగా జక్రయ్య మొహంలోకి చూశాడు.

"ఏదిరా సరుకు?"

సంతోషకుమారి కిటికీ ఊచ పట్టుకుంది. 'లేదని చెప్పు ప్రభువా, లేదనిపించు' అని గొణుక్కుంది.

జక్రయ్య కంగారు పడలేదు. "ఇంట్లోనే ఉందండి. ఉండండి, తీసుకొస్తా."

నా ఇంట్లోనా! ఎక్కడ దాచాడు? ఎప్పుడు తెచ్చాడు? గుమ్మంలో ఆయన చెప్పులు విడిచిన చప్పుడైంది.

లోపలికొచ్చిన జక్రయ్య, పత్తిలోడు ట్రాక్టరు తిరగబడి నడుం విరిగిన నాటినుంచి కిటికీ పక్క మంచం దిగని సంతోషకుమారిని దుప్పటితో సహా రెండు చేతుల మీదికీ మెల్లగా ఎత్తుకుని, "వేలూరు ఆసుపత్రి దాకా ఒక్క కుదుపు కూడా తెలీదు కుమారీ, పోయినసారిలా నొప్పికి దారి మధ్యలో ఏడవ్వు" అన్నాడు.