ఐదో అంతస్తు ఫిర్యాదు

ఫిల్మ్ నగర్‌లో సినిమావాళ్ళకు బట్టలు కుట్టే కృపమ్మ, మిషన్లు నడవడానికి పెరట్లో నేల మీద సోలార్ ప్యానళ్ళు పెట్టించుకుంది. నెల తిరగకముందే మున్సిపల్ అధికారి క్రాంతికుమార్ టేపు పట్టుకుని వచ్చాడు.

“ప్రహరీకి మూడు మీటర్లు వదలాలమ్మా. మీరు రెండున్నరే వదిలిండ్రు. రేపటికల్లా తీసెయ్యాలె.”

“తీస్తే నా మిషన్లు ఆగిపోతాయండీ. డాబా మీద పెడదామంటే పక్క అపార్ట్‌మెంటు నీడ పడుతోంది. ఎండ తగిలేది పెరట్లో ఈ మూలకే.”

“నేనేం జెయ్యాలె? ఈ ప్యానళ్ళ మెరుపు కండ్లల్ల పడుతున్నదని ఆ అపార్ట్‌మెంటు ఐదో అంతస్తు సాఫ్ట్‌వేర్ సారే ఫిర్యాదు చేసిండు.”

అరమీటరు కోసం మండుటెండలో నడిచొచ్చిన ప్రభుత్వాన్ని చూసి కృపమ్మ మనసు నిండిపోయింది. లోపలికెళ్ళి, మంచినీళ్ళతో పాటు ఒక కాగితం కూడా తెచ్చింది. అనుమతి లేని అంతస్తులు వేశారని ఆ అపార్ట్‌మెంటు మీద నిరుడు ఆమె పెట్టుకున్న అర్జీకి అతని ఆఫీసు ఇచ్చిన జవాబది.

‘సదరు భవనమునకు మూడు అంతస్తులే కలవు. నాలుగు, ఐదు అంతస్తులు లేవు. స్వయముగా తనిఖీ చేసితిని.’

కింద సంతకం క్రాంతికుమార్‌దే.

“లేని అంతస్తులో ఉండే ఆయన కళ్ళల్లో మెరుపెలా పడిందండీ?”

అతను నీళ్ళు తాగి, మళ్ళీ టేపు పరిచాడు.

“సరిగ్గా మూడు మీటర్లున్నదమ్మా. ఇందాక టేపు జర వంకరవోయింది.”