జూన్ పన్నెండు

జూన్ పన్నెండున రేష్మా కనిపించకుండా పోయింది. మర్నాడు పొద్దున్నే ఝాన్సీలక్ష్మి టీచర్ నరసరావుపేటలో దిక్కులేని ఆడపిల్లలుండే బాలసదనానికి పరుగున వచ్చింది.

“ఎట్టా పంపించారు మేడమ్?”

“పద్దెనిమిది నిండితే ఇక్కడ ఉంచకూడదు టీచర్‌గారూ. పెద్దపిల్లల హాస్టల్‌కి రాశాం, మంజూరు రాలేదు. దాచేపల్లిలో పిన్ని దగ్గరికి పోతానంది. తీరా చూస్తే, ఆ పిన్ని ఇల్లు ఖాళీ చేసి మూణ్ణెల్లయిందంట,” అంది సూపరింటెండెంట్ ప్రత్యూష.

“పద్దెనిమిదేంది? దానికి పదిహేడేగా!”

ప్రత్యూష స్కూలు సర్టిఫికెట్ ముందుకు జరిపింది. “ఇదిగో, జూన్ పన్నెండు. నిన్నటికి పద్దెనిమిది నిండాయి. సంతకం మీదే.”

పదమూడేళ్ల కిందట, బడి తెరిచిన రోజు, రేష్మా తల్లి అమీనా బీ గుమ్మంలో నిలబడి బతిమాలింది. “ఒక ఏడు ఎక్కువేసి చేర్చుకో టీచరమ్మా. నేను కూలికి పోతే దీన్ని ఎవురు చూత్తారు?” టీచర్ అందరు పిల్లలకీ వేసినట్టే ఆ రోజు తేదీనే పుట్టినరోజుగా, ఒక ఏడు పెంచి, నవ్వుతూ వేసింది. అమీనా బీ ఇప్పుడు లేదు. ఆ గొంతు మాత్రం గుమ్మం దగ్గరే ఉంది.

“పోయేటప్పుడు ఏమన్నా అందా?”

“‘ఇయ్యాల నా పుట్టినరోజు కాదు మేడమ్, మా టీచరమ్మకి తెలుసు’ అంది. పోవడం ఇష్టంలేక అంటోందనుకున్నా.”

రేష్మా ఇంకా దొరకలేదు. పుట్టినతేదీ తప్పని, వేసింది తనేనని ఒప్పుకుంటూ టీచర్ రాసివ్వాల్సిన కాగితం ఇంకా రాయలేదు.