గడప దాటని మనిషి

కళ్ళలోకి చూసి మాట్లాడని మనిషి మనసులో ఏదో దాస్తున్నాడని లోకమంతటా ఒక నమ్మకం ఉంది. దానిని పరీక్షించి చూసినవారు తక్కువ.

టోంగా రాజధానిలో నర్సుగా పనిచేసే అకొసితకు ఆ నమ్మకం బలంగా ఉండేది.

ఆక్లండ్‌లోని బంధువులు పీపాలో బట్టలతో, మాంసం డబ్బాలతో కలిపి ఒక పాత కంప్యూటర్‌ను ఓడ మీద పంపారు. ముందుగదిలో ఇంటర్నెట్ పెట్టె పక్కన, పొట్టి తీగకు కట్టేసినట్టు అది ఉండిపోయింది. కూతురు లూసియానె దాని ముందు కూర్చుంటే కొడుకు కెలెపి బయటికి పోవాలి. అక్కడి ఆచారం ప్రకారం ఈడొచ్చిన అక్కాతమ్ముళ్ళు ఒకే గదిలో ఉండరు, ఒకే తెర ముందు కూర్చోరు.

లూసియానెకు స్కాలర్‌షిప్ పరీక్ష దగ్గరపడింది. పాఠాలన్నీ ఇంటర్నెట్‌లోనే. కంప్యూటర్ ఆమె గదిలోకి మారితే తప్ప చదువు సాగదు. తీగ అక్కడిదాకా పోదు. కంప్యూటర్ లోపల వైఫై కార్డు బిగిస్తే సరిపోతుందని దుకాణంలో చెప్పారు.

బిగించడానికి ఫినెయాసి అనే సన్నటి మనిషి వచ్చాడు.

“లోపలికి రావయ్యా,” అంది అకొసిత.

అతను గడప బయటే నిలబడి నేల చూశాడు. “కంప్యూటర్‌ని వరండాలోకి తెప్పించండి. ఇక్కడే బిగిస్తాను.”

“ఏం, లోపల దెయ్యాలున్నాయా?”

అతను సంచి విప్పి పనిముట్లు గడప బయట పరిచాడు.

“నోరు దుకాణంలో మరిచిపోయి వచ్చావా?”

అతను తల మరింత వంచాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి వరండాలో నవ్వులు వినిపించాయి.

“ఇంత అట్టముక్కకా ఇంత హడావుడి?” లూసియానె గొంతు.

“అట్టముక్కంటే దానికి కోపమొస్తుంది. ఆ సందులో పెట్టి నువ్వే నొక్కు. మేకు దిగ్గొట్టినట్టు కాదు పిల్లా, మెల్లగా!”

“టిక్కుమంది, బాబాయ్!”

“ఇక మర బిగించు. అటు కాదు, ఇటు! మా ఇంటి పంది నీకంటే బాగా బిగిస్తుంది.”

“మరి దాన్నే పంపాల్సింది! బాబాయ్, నీ టార్చి బాగుంది. నాకిచ్చెయ్.”

“తీసుకో.”

అకొసిత వరండాలోకి వచ్చింది. నవ్వు ఆగిపోయింది. ఫినెయాసి లేచి వాకిట్లోకి దిగి, అటు తిరిగి నిలబడ్డాడు.

తల్లి ఎదుట మూగవాడు. కూతురితో పరిహాసాలు. అడగ్గానే కానుక. అకొసితకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

కంప్యూటర్‌ను గదిలో పెట్టి చూస్తే సిగ్నల్ అంతంతమాత్రంగా ఉంది.

“యాంటెనా కంప్యూటర్ ఇనుప పెట్టెకీ గోడకీ మధ్య ఇరుక్కుందిగా, అందుకు,” అన్నాడతను కిటికీ బయటి నుంచి లూసియానెతో. “దానికి పొడుగు తీగ కావాలి. రేపు తెస్తా.”

అతను వెళ్ళగానే అకొసిత దుకాణానికి ఫోన్ చేసింది.

“ఆ మనిషి మళ్ళీ మా ఇంటి ఛాయలకి రాకూడదు. వేరేవాళ్ళని పంపండి.”

“ఏం చేశాడమ్మా?” యజమానురాలు అడిగింది.

“నా మొహం చూడడు. నా పిల్లతో ఇకిలిస్తాడు. ఇంకేం చెయ్యాలి?”

“మంచివాడేనమ్మా. మీ ఇంటి పని తనకే కావాలని అడిగి మరీ తీసుకున్నాడు.”

“చూశారా! నేననేదీ అదే!”

నర్సు మాటకు ఊళ్ళో విలువ ఉంది. ఆడపిల్లలున్న ఏ ఇంటివారూ ఆ తరువాత ఫినెయాసిని పిలవలేదు.

“జరిగిందేమిటో చెప్పరాదటయ్యా?” యజమానురాలు అతన్ని నిలదీసింది.

“చెప్పనని మాటిచ్చానండీ.”

“ఎవరికి?”

అతను స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

పొడుగు తీగను వేరే మనిషి తెచ్చి బిగించాడు. లూసియానె పరీక్ష రాసింది. స్కాలర్‌షిప్ వచ్చింది.

వానలు మొదలయ్యాక ఫినెయాసి గుండె ఆగి చనిపోయాడు.

“నేనూ వస్తానమ్మా,” అంది లూసియానె ఏడుస్తూ.

“నువ్వొద్దు. నేను వెళ్ళి గుమ్మం దగ్గర కాసేపు కూర్చుని వచ్చేస్తాను. వెళ్ళకపోతే బాగుండదు.”

నల్లబట్టలు కట్టి, చావింటికి వెళ్ళేవారి ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని అకొసిత వెళ్ళింది. లోపల పాటలు పాడుతున్నారు. గుమ్మం పక్కన, అందరికంటే వెనక కూర్చుంది.

మృతుడి తల్లి లేచి, జనం మధ్య నుంచి మెల్లగా ఆమె దగ్గరకు వచ్చింది. అకొసిత బెదిరింది.

“నీ చోటు ఇక్కడ కాదమ్మా,” అంది ముసలామె.

“వెళ్ళిపోతానండీ. నేను మీ బంధువుని కాను. అతను మా ఇంట్లో కంప్యూటర్ బాగుచేశాడు, అంతే.”

“తెలుసు. ఇంటికొచ్చి, నువ్వు నవ్వుతూ మాట్లాడావని చెప్పాడు.”

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని శవం తలవైపుకు నడిపించింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి పురిటిలోనే పెంపకానికి ఇచ్చేసిన తన పెద్దకూతురిని, మృతుడి తోడబుట్టిన అక్క కోసం ఖాళీగా ఉంచిన చాప మీద కూర్చోబెట్టింది.