ఎడమ మోకాలు

“ఎడమ మోకాలు చెడిపోయినట్టుంది గదా, పహిల్వాన్?”

పెబ్బేరు కుస్తీ తాలీం గుమ్మంలో నిలబడి అడిగాడు ముసలాయన. భుజం మీద పలుపు తాడు. సంతకు ఎద్దుల కోసం వచ్చినవాడిలా ఉన్నాడు.

అప్పుడే ఒక శిష్యుడిని ఎత్తి మట్టిలో పడేసిన ఇస్రాయేలు తలెత్తి చూశాడు.

“ఎవనివి నువ్వు?”

“ఎవన్నైతే ఏంది? ఆ కాలు మీద బరువు ఆనిస్తలేవు. ఎల్లుండి మల్దకల్ జాతరల దిగుతున్నవంట. మోకాలికి గుడ్డ కట్టుకొని దిగు.”

మాట నిజమే. ఎనిమిది నెలల కింద బైక్ మీది నుంచి పడినప్పుడు మోకాలి లోపల ఏదో టప్పుమంది. అప్పటి నుంచి కింద కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాలి. భార్య రోజా అడిగితే చలికి పట్టేసిందంటాడు. నడి ఎండాకాలంలోనూ అదే మాట. చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేశాడు మహానుభావుడు.

ఆ పక్క కుస్తీల్లో ఒక కట్టుబాటుంది. దెబ్బ తగిలిన చోట ఎర్రగుడ్డ కట్టుకుని దిగితే అవతలివాడు ఆ చోట చెయ్యి వేయకూడదు. వేస్తే ఓడినట్టే. కాకపోతే గుడ్డతో దిగినవాడిని చూసి జనం ఈలలు వేస్తారు.

రెండేళ్లు వరుసగా వెండి కడియం గెలిచిన ఇస్రాయేలుకు గుడ్డా?

“నా కాలుకేం కాలే. నడువ్ ఈడికెళ్లి.”

“నాకు చెప్పకు. నీకు నువ్వన్న నిజం చెప్పుకో బిడ్డా. జనం ఒక్క దినం నవ్వుతరు, గంతే. కాలు పోతే మల్ల రాదు.”

శిష్యుల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు.

ఆ నవ్వుతో ఇస్రాయేలుకు ఒళ్లు మండింది. ఒక్క ఊపున వచ్చి ముసలాయన మూతి మీద గుద్దాడు. రెండు పళ్లు ఊడి కిందపడ్డాయి. కూలబోతున్న మనిషిని జుట్టు పట్టి లేపి మళ్లీ గుద్దాడు. డొక్కలో తన్నడానికి కుడికాలు ఎత్తాడు.

ఎడమకాలు నిలవలేదు. తూలాడు.

పడబోతున్నవాణ్ని మోచెయ్యి పట్టి ఆపింది ఆ ముసలాయనే.

అది మరీ అవమానమైంది. ఇస్రాయేలు అతన్ని గోడకు అదిమి, చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాడు. ముసలాయన ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

“జర... గుడ్డ కట్టుకో బిడ్డా,” అన్నాడు నెత్తురు ఉమ్ముతూ.

శిష్యులు అతన్ని ఆటోలో పడేసి పంపించారు.

జాతర రోజు బరి చుట్టూ జనం విరగబడ్డారు. ఇస్రాయేలుకు ఎదురుగా ఇటిక్యాల ఇంతియాజ్ దిగాడు. పాతికేళ్లుంటాయి. బరిలోకి రావడం అదే మొదటిసారి కాబట్టి అతని సంగతి ఎవరికీ తెలియదు.

“దెబ్బలేమన్న ఉన్నయా?” ఆనవాయితీగా అడిగాడు కుస్తీలు నడిపించే పెద్దమనిషి.

“లెవ్వు,” అన్నాడు ఇస్రాయేలు, అందరికీ వినపడేలా.

ఇంతియాజ్ చెయ్యి కలపలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

విజిల్ పడగానే వంగి, నేరుగా ఎడమ మోకాలిని రెండు చేతులా పట్టాడు. పట్టి మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ముందు వరసలో వాళ్లకు వినిపించింది. ఇస్రాయేలు పెట్టిన కేకకు డప్పులు ఆగిపోయాయి. అయినా వదలక మరోసారి మెలిపెట్టాడు ఇంతియాజ్. నలుగురు మీదపడి లాగాల్సి వచ్చింది.

“ఆ ముసలోడే చెప్పిండు! వీని మనిషే వాడు!” మట్టిలో పొర్లుతూ అరిచాడు ఇస్రాయేలు.

గద్వాల దవాఖానలో డాక్టర్ ఉన్నమాట చెప్పేశాడు. కర్ర పట్టుకుని నడవొచ్చు, కుస్తీ మాత్రం మరిచిపోవాలి. మూడు రోజులు ఇస్రాయేలు మందులు మింగినదానికంటే ముసలోణ్ని తిట్టిందే ఎక్కువ. లేచాక ముందు చేసే పని ముసలోణ్ని చంపడమే అన్నాడు.

నాలుగో రోజు ఇంతియాజ్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

“నా కాలు సంగతి ఆ ముసలోడే చెప్పిండు గదా?”

“ఆ. చెప్పిండు.”

“దొంగ నా కొడుకు!”

ఇంతియాజ్ పిడికిలి బిగించాడు. అంతలోనే వదిలేశాడు.

“సంతల నువ్వు నడుస్తుంటే చూసి కనిపెట్టిండు. ‘వాడు సిగ్గుకు గుడ్డ కట్టుకోడు. కట్టుకోకున్న నువ్వు ఆ కాలు ముట్టొద్దు’ అని నాతోని ఒట్టు వేయించుకున్నడు. అటెంక నీకు గూడ చెప్పొస్తనని పోయిండు.”

“మరెందుకు ముట్టినవ్?”

“ఇంటికొచ్చిన ఆయన మూతి చూసిన. ఒట్టు గిట్టు ఏం యాదికి రాలే.”

ఇస్రాయేలు కళ్లు మూసుకున్నాడు.

“ఈ కాలు నువ్వు ఇరగ్గొట్టలే. ఎప్పుడో పోయింది. నాకు తెల్సు,” అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు. “నన్ను ఆయన దగ్గరికి తీస్కపో. కాళ్లు మొక్కుత. ఇంతకూ నీకేమైతడు ఆయన?”

ఇంతియాజ్ కళ్లు తుడుచుకున్నాడు.

“నీ కాలు ఇరిచిన కాన్నుంచి నా ముఖం గూడ చూస్తలేడు, చిన్నప్పటి సంది నాకు కుస్తీ నేర్పిన ఉస్తాద్.”