ఆ ఏడిళ్ళు

ఒకటో తారీఖు పొద్దున్నే కూతురు వీధిలోకి రావడం కాఫీ బాబాయ్ కంటపడింది. ఒంటిమీద పెద్ద స్టోర్ వాళ్ళ నీలం చొక్కా, భుజాన వాళ్ళదే సంచీ.

"వచ్చింది మహాతల్లి," అన్నాడు మర ఆపి.

ఆయన కాఫీ గింజలు వేయించి, పొడి పట్టి అమ్ముతాడు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ బాబాయే. వీధి చివర మూడంతస్తుల స్టోర్ వెలిశాక ఆ పిలుపు మిగిలింది గానీ పిలిచేవాళ్ళు మిగల్లేదు. రెండు ప్యాకెట్లు కొంటే మూడోది ఉచితమంటే బాబాయెవరు, పిన్నెవరు?

ఏడిళ్ళ వాళ్ళు మాత్రం ఆయన్నే అంటిపెట్టుకుని ఉన్నారు. వాళ్ళవల్లే ఇంకా మర తిరుగుతోంది. వాళ్ళూ మానేస్తే కొట్టుకి తాళం వేసుకోవడమే.

వీధి వాళ్ళు పోయినందుకు ఆయన పెద్దగా ఏడవలేదు. కూతురు పోవడమే మింగుడుపడలేదు. పదేళ్ళప్పుడే వాసన చూసి గింజ వేగిందో లేదో చెప్పిన పిల్ల. ఏ ఇంటి పొడిలో చికోరీ ఎంత కలపాలో నోటికి వచ్చిన పిల్ల. రెండేళ్ళ కిందట వెళ్ళి వెళ్ళి ఆ స్టోర్‌లోనే బిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరింది. "ఆ గడప తొక్కినదానివి మళ్ళీ ఈ గడప తొక్కకు," అన్నాడు. తొక్కలేదు. పక్క వీధిలో గది తీసుకుని ఉంటోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. నెలనెలా ఒకటో తారీఖున వస్తుంది. వచ్చి సరిగ్గా ఆ ఏడిళ్ళ తలుపులే తడుతుంది. గుమ్మంలో రెండు నిమిషాలు గుసగుసలు, తర్వాత ఇంకో ఇల్లు. తండ్రి కొట్టు వైపు తలెత్తి చూడదు.

"ఉన్న ఆ నలుగురినీ కూడా లాక్కుపోదామని!" అన్నాడు భార్యతో. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనే."

భార్య ఏదో అనబోయి, మళ్ళీ గింజల్లో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

అయినా ఆ ఏడిళ్ళ వాళ్ళు మామూలు మనుషులా? ఆ పిల్ల అటు వెళ్ళిందో లేదో, ఇటు కొట్టు ముందు వరస కట్టేవాళ్ళు. టీచరమ్మ అరకిలో. దర్జీ అరకిలో. మూలింటి మామ్మ ఆ వయసులో కర్ర పొడుచుకుంటూ వచ్చి మరీ అరకిలో. ధర అడిగేవాళ్ళు కాదు, బేరం ఊసే లేదు.

"మనుషులంటే మీరు!" అనేవాడు బాబాయ్, ప్రతి పొట్లంలోనూ ఒక చెంచా కొసరు వేస్తూ. "కడుపున పుట్టింది గోతులు తవ్వుతుంటే మీరు నిలబెడుతున్నారు."

వాళ్ళు తలలు దించుకునేవాళ్ళు. ఎంత వినయమో అని ఆయన ఇంకాస్త పొంగిపోయేవాడు.

ఈసారి మాత్రం ఓపిక నశించింది. ఏడో ఇంటి మెట్లు దిగుతున్న కూతురికి నడివీధిలో అడ్డం వెళ్ళాడు. రెండేళ్ళుగా జీతం తీసుకుంటున్న మనిషి, తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని నడుస్తోంది. పిసినారిది, అనుకున్నాడు.

"కన్నతండ్రి పొట్ట కొట్టడానికి సిగ్గులేదూ?"

"నాన్నా, అది కాదు..."

"నాన్నా అనకు! ఆ ఇళ్ళ గుమ్మాల్లో ఇంకోసారి కనిపించావో, నేను చచ్చినంత ఒట్టు!"

వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. టీచరమ్మ పరుగున వచ్చింది. "బాబాయ్, ఒక్క మాట విను."

"నువ్వు వెనకేసుకురాకమ్మా. దీని సంగతి నీకు తెలీదు."

కూతురు టీచరమ్మ వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. "సరే నాన్నా, ఇక రాను," అని వెళ్ళిపోయింది.

ఆ నెల బాబాయ్ కంటినిండా నిద్రపోయాడు. పీడ విరగడైందని మళ్ళీ ఒకటో తారీఖుకి రెండు కిలోలు ఎక్కువే వేయించాడు.

అన్నమాట ప్రకారం కూతురు రాలేదు. ఏడిళ్ళ వాళ్ళూ రాలేదు.

రెండో తారీఖు దాటింది. మూడూ నాలుగూ పోయాయి. పట్టిన పొడి డబ్బాల్లోనే వాసన దిగిపోతోంది. అయిదో రోజు ఉండబట్టలేక తనే బయల్దేరాడు.

టీచరమ్మ చేతిలో టీ గ్లాసుంది. "ఇంట్లో ఇంకా పొడి ఉంది బాబాయ్," అంది, ఎటో చూస్తూ. దర్జీ కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే, "వచ్చే వారం చూద్దాంలే," అన్నాడు.

బాబాయ్‌కి అంతా అర్థమైపోయింది. రాను రానంటూనే చాటుగా వీళ్ళనీ లాగేసుకుంది! పరాయివాడు పొడిస్తే తట్టుకోవచ్చు. ఎత్తుకుని పెంచిన పిల్ల పొడిస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆ మండే గుండెతోనే మూలింటి దాకా నడిచాడు.

మామ్మ అరుగుమీద కూర్చుని ఉంది. కల్లాకపటం తెలియని మనిషి. ఆమెను చూడగానే ఆయనకి దుఃఖం ఆగలేదు.

"నేనేం తక్కువ చేశాను మామ్మా? చివరికి నువ్వు కూడా ఆ స్టోర్‌కే పోయావా?"

మామ్మ కళ్ళు చిట్లించి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అమ్మాయిని మా గుమ్మం తొక్కొద్దని నువ్వే ఒట్టు పెట్టావు, మరి నీ కొట్లో పొడి కొనడానికి నెలనెలా మాకు డబ్బులు ఇంకెవరిస్తారు నాయనా?"