దెసంకా అప్పగించిన తుపాకీ

"సంచిలో ఏముందమ్మా?" అని వెనకాల ముసలాయన అడిగేసరికి దెసంకా సంచిని ఒంటికి అదుముకుంది.

"క్యాబేజీ," అంది.

"నాదీ క్యాబేజీయే," అన్నాడాయన తాపీగా, గోనెగుడ్డ చుట్టిన పొడవాటి రైఫిలు చంకలో సర్దుకుంటూ. వరసలో నలుగురు కిసుక్కున నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు.

పోలీసు స్టేషన్ ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. లైసెన్సు లేని ఆయుధాలు ముప్పై రోజుల్లో తెచ్చి ఇచ్చేయాలని సర్కారు చెప్పింది. పేరు అడగరు, కేసు ఉండదు. గడువు దాటాక దొరికితే మాత్రం జైలే. ఇంట్లో తుపాకీ లేనివాణ్ణి మా సెర్బియాలో మగాడి కింద జమకట్టరు మరి, వరస పొడుగ్గా ఉండక ఏంచేస్తుంది?

"ఇదంతా కంటితుడుపు," అన్నాడు ముసలాయన. "మనలాంటి గొర్రెలం తెచ్చి ఇస్తున్నాం. తోడేళ్ళు వచ్చి వరసలో నిలబడతాయా? ఎంత గట్టి చట్టం పెట్టినా దొంగ తుపాకీ దొంగ దగ్గరే ఉంటుంది."

ముందున్న రొట్టెల కొట్టావిడ గిర్రున తిరిగింది. "మన ఊళ్ళో దొంగలు ఎంతమందిని చంపారు తాతా? చచ్చినవాళ్ళంతా మొగుడి చేతిలోనో, పక్కింటోడి చేతిలోనో చచ్చారు. ఇంట్లో అది లేకపోతే నాలుగు తిట్లు తిట్టుకుని పడుకునేవాళ్ళు."

దెసంకా తన ఇంటి తోడేలుకి రోజూ తనే రొట్టె కాల్చి పెడుతోంది. మొన్న ఆదివారం సూపులో ఉప్పెక్కువైందని మొగుడు గ్వోజ్దెన్ ఇప్పుడు సంచిలో ఉన్న ఈ తుపాకీనే భోజనాల బల్ల మీద పెట్టి గిరగిరా తిప్పాడు. గొట్టం ఆమె వైపు తిరిగి ఆగింది. "ఈసారికి పో," అన్నాడు. వచ్చే ఆదివారం ఏమంటాడో అని అప్పట్నుంచీ ఆమెకి ముద్ద దిగడం లేదు. అతను రంపపు మిల్లు నుంచి రెండింటికి ఇంటికొస్తాడు. ఇప్పుడు పన్నెండున్నర.

తన వంతు వచ్చి లోపలికెళ్ళి, బల్ల వెనక కూర్చున్న పోలీసును చూడగానే ఆమె ఠక్కున ఆగిపోయింది. రదోయే. వాళ్ళ పెళ్ళికి సాక్షిగా నిలబడ్డ కుమ్. కుమ్ అంటే మా దగ్గర తోడబుట్టినవాడి కన్నా ఎక్కువ, ఇద్దరూ ఒకరినొకరు కుమ్ అనే పిలుచుకుంటారు, కుమ్ మాట కాదనేవాడు ఉండడు. వెనక్కి పోదామంటే గుమ్మంలో ముసలాయన రైఫిలు అడ్డం.

"నువ్వా చెల్లెమ్మా?" అన్నాడు రదోయే.

ఆమె సంచి బల్ల మీద పెట్టింది. "భయమేస్తోంది అన్నా. ఇది ఇంట్లో ఉంటే నాకు కంటి మీద కునుకు లేదు. ఏదో ఒకరోజు ప్రాణం తీస్తుంది."

రదోయే క్యాబేజీ ఆకులు తప్పించి పిస్తోలు బయటికి తీశాడు. మీట లాగి, ఒక కన్ను మూసి గొట్టంలోకి చూశాడు. అతని మొహం మాడిపోయింది.

"ఇదా ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఉన్నది? భయపడవూ మరి. నాకొక్క మాట చెప్పొద్దూ?"

"ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వడు."

"గ్వోజ్దెన్ సంగతి నాకొదిలెయ్. సాయంత్రం దాకా కూడా ఆగను, భోజనం వేళకే వస్తాను. నువ్వు నిశ్చింతగా వెళ్ళు," అంటూ దాన్ని వెనకాల కుప్పలోకి విసిరేశాడు. రైఫిళ్ళు, పిస్తోళ్ళు అక్కడ నడుం ఎత్తున పడి ఉన్నాయి.

దారి పొడుగునా ఆమె ఏడుస్తూనే నడిచింది. ఎన్నాళ్ళకో ఊపిరాడినట్టయింది.

ఇంటి తలుపు తీసే ఉంది. మిల్లులో కరెంటు పోయి గ్వోజ్దెన్ ముందే వచ్చేశాడు. బీరువాలో బట్టలన్నీ నేల మీద ఉన్నాయి.

"ఎక్కడే?" అన్నాడు.

"ఏది?"

"మర్యాదగా అడుగుతున్నప్పుడే చెప్పు."

అబద్ధం ఒకటీ నోటికి రాలేదు. "స్టేషన్లో ఇచ్చేశాను."

అతను అరవలేదు. అరిస్తే ఆమెకి అంత భయం వేసేది కాదు. మెల్లగా వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. నడుం నుంచి బెల్టు లాగి పిడికిలికి చుట్టుకున్నాడు. "మా తాత తుపాకీ. రేపు నలుగురిలో నేను తలెత్తుకునేదెలా?"

ఆమె వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. ఇక జరగడానికి చోటు లేదు. ఇవాళ చచ్చాననుకుంది.

తలుపు మీద దబదబా చప్పుడు.

"కుమ్, నేనే. తలుపు తియ్."

కుమ్ వస్తే గుమ్మంలో నిలబెట్టకూడదు. గ్వోజ్దెన్ పళ్ళు నూరుకుంటూ గడియ తీశాడు. రదోయే యూనిఫాంలోనే ఉన్నాడు. నేల మీది బట్టలు చూశాడు, బెల్టు చూశాడు, గోడకి అంటుకుపోయిన దెసంకాని చూశాడు.

"ఆ బెల్టు అవతల పడెయ్," అన్నాడు. "చెల్లెమ్మని ఒక్క మాటన్నా నేనూరుకోను. నీ మేలు కోరే చేసింది పిచ్చిది."

గ్వోజ్దెన్ తల దించుకున్నాడు. బెల్టు కింద పడింది.

దెసంకా తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, ఇద్దరికీ చిన్న గ్లాసుల్లో పళ్ళ సారా, రకియా పోసింది. చుక్క కూడా ఒలకలేదు. బతికించావు అన్నా, అని మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

రదోయే ఒక్క గుక్కలో తాగేసి, కోటు లోపల్నుంచి తువ్వాలు చుట్టిన మూట తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ తాతది లోపలంతా తుప్పేరా కుమ్. అది పేలి ఇరవై ఏళ్ళయ్యుంటుంది," అన్నాడు తువ్వాలు విప్పుతూ. "కుప్పలో వెతికి నీకోసం మంచిది ఏరాను. దారిలో మూడుసార్లు పేల్చి చూశా, మూడూ గురికి తగిలాయి."